హాలోయ్‌సైట్

హాలోయ్‌సైట్ అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్ మూలకాలతో ఏర్పడిన ఒక బంకమన్ను ఖనిజము. చీనామట్టిలోని ప్రధాన ఖనిజమైన కయోలినైట్‌కు ఇది అతి దగ్గరి బంధువు. ఈ రెండు ఖనిజాల పొరలలోని రసాయన సంఘటనము ఒక్కటే. అయితే కయోలినైట్ సాధారణముగా షడ్భుజాకారపు పలుచని రేకులుగా ఏర్పడగా, హాలోయ్‌సైట్ పొరలు చాప చుట్టినట్లు చుట్టుకొని కంటికి కనిపించని సన్నని గొట్టాలుగా ఏర్పడతాయి. పొరకు పొరకు మధ్య నీటి అణువుల వరుస ఒకటి ఉండుట దీని మరియొక ప్రత్యేకత.

వేడి చేసినపుడు హాలోయ్‌సైట్ మూడు లక్షణాలను మూడు దశలలో కోల్పోతుంది. మొదట పొరల మధ్యనున్న నీరు, తరువాత స్ఫటిక క్రమము, చిట్టచివరకు గొట్టపు ఆకారము నశిస్తాయి. మొదటి మార్పుకు ఎండలో ఆరబెట్టినంత వేడి చాలును. చివరి మార్పుకు కుంపటి వేడి కూడా చాలదు, పింగాణి బట్టీ వేడి కావలెను. అందువలన ఒక హాలోయ్‌సైట్ నమూనాను గూర్చి చెప్పునపుడు అది ఎంతవరకు ఆరినది, ఎంత వేడికి గురి అయినది అనే వివరము తప్పనిసరి అవుతుంది.

పేరు, చరిత్ర

బెల్జియం దేశములోని లియేజ్ సమీపాన గల ఆంగ్లూర్ ప్రాంతములో దొరికిన మట్టిని పరిశీలించి, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ బెర్తియే 1826లో ఈ ఖనిజమును వర్ణించాడు. బెల్జియం భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒమాలియస్ ద'హాలోయ్ (1783–1875) గౌరవార్థము దీనికి హాలోయ్‌సైట్ అని పేరు పెట్టాడు. అల్యూమినియం ముడి ఖనిజమైన బాక్సైట్‌ను 1821లో పరిశీలించినవాడు కూడా బెర్తియేయే.

ఈ ఖనిజపు ఆకారము తెలియుటకు మరొక శతాబ్దమునకు పైగా పట్టినది. దీని గొట్టాలు సాధారణ సూక్ష్మదర్శినికి అందనంత సన్ననివి. 1930లో లైనస్ పౌలింగ్ పొరల ఖనిజాల నిర్మాణమును చర్చించుచు, రెండు వైపులా ఒకే విధముగా లేని పొర వంగిపోవు స్వభావము కలిగి ఉండునని సూచించాడు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన తరువాత ఈ ఊహకు దృశ్య సాక్ష్యము లభించినది. 1950లో థామస్ బేట్స్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో హాలోయ్‌సైట్ గొట్టాలు స్పష్టముగా కనిపించాయి. రెండు పలకల కొలతలలోని తేడాయే అవి చుట్టుకొనుటకు కారణమని వారు వివరించారు.

పేర్ల విషయములో కొంతకాలము గందరగోళము నెలకొన్నది. నీరు గల రూపమునకు అమెరికాలో 1943లో ఎండెలైట్ అను పేరు ప్రతిపాదించబడినది. అచట ఆరిపోయిన రూపమును హాలోయ్‌సైట్ అన్నారు. ఐరోపాలో కొందరు నీరు గల రూపమును హాలోయ్‌సైట్ అని, ఆరిన రూపమును మెటాహాలోయ్‌సైట్ అని వ్యవహరించారు. అనగా ఒకే మాట ఒక గ్రంథములో తడి ఖనిజమును, మరొక గ్రంథములో పొడి ఖనిజమును సూచించేది. దీనికి పరిష్కారముగా పొరల మధ్య దూరమును బట్టి "హాలోయ్‌సైట్ - 10 ఆంగ్‌స్ట్రామ్", "హాలోయ్‌సైట్ - 7 ఆంగ్‌స్ట్రామ్" అని పిలుచు పద్ధతి స్థిరపడినది. ఒక ఆంగ్‌స్ట్రామ్ అనగా నానోమీటరులో పదవ వంతు. మెటాహాలోయ్‌సైట్ అను మాటను నేడు ఎక్కువగా 500 డిగ్రీలకు పైన కాల్చగా స్ఫటిక క్రమము చెడిన పదార్థమునకు వాడుచున్నారు. పాత గ్రంథాలు చదువునపుడు ఈ తేడాను గమనించవలెను.

రసాయన సంఘటనము

ఆరిన హాలోయ్‌సైట్‌లో ప్రతి రెండు అల్యూమినియం పరమాణువులకు రెండు సిలికాన్ పరమాణువులు, ఐదు ఆక్సిజన్ పరమాణువులు, నాలుగు హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. కయోలినైట్ సంఘటనము కూడా ఇదే. నీరు నిండుగా గల హాలోయ్‌సైట్‌లో వీటికి అదనముగా రెండు నీటి అణువులు పొరల మధ్య ఉంటాయి.

ఈ విధముగా ఖనిజములో నీరు రెండు రూపాలలో దాగి ఉన్నది. మొదటిది పొరల మధ్య అణువులుగా ఉన్న నీరు. రెండవది నీరుగా కాక హైడ్రాక్సిల్ సమూహాలుగా పొరలలోనే బంధింపబడి ఉన్నది. నాలుగు హైడ్రాక్సిల్ సమూహాలు విడిపోవునపుడు రెండు నీటి అణువులు ఏర్పడతాయి. కాబట్టి ఈ రెండు రకాల నీటి పరిమాణము సమానమే. వంద గ్రాముల తడి హాలోయ్‌సైట్‌లో ఒక్కొక్కటి సుమారు 12.25 గ్రాములు ఉంటుంది. రెండూ పోయిన పిదప 75.5 గ్రాముల పదార్థము మిగులుతుంది. అందులో సుమారు 46 శాతము అల్యూమినా, 54 శాతము సిలికా. పరిమాణములో సమానమైనప్పటికీ ఈ రెండు నీళ్ళను తొలగించుటకు కావలసిన వేడిలోను, వాటి వలన కలుగు ఫలితములోను ఎంతో భేదము కలదు.

పొరల నిర్మాణము

హాలోయ్‌సైట్ పొర ఒకదానికొకటి అతుక్కొన్న రెండు పలకల జంట. మొదటి పలకలో ప్రతి సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు చతుర్ముఖి ఆకారములో అమరి ఉంటాయి. రెండవ పలకలో ప్రతి అల్యూమినియం పరమాణువు చుట్టూ ఆరు ఆక్సిజన్ లేదా హైడ్రాక్సిల్‌లు అష్టముఖి ఆకారములో ఉంటాయి. చతుర్ముఖుల కొనలలోని ఆక్సిజన్ పరమాణువులను రెండు పలకలు పంచుకొంటాయి. ఈ కారణముగా పొర యొక్క ఒక ముఖము ఆక్సిజన్‌లతోను, రెండవ ముఖము హైడ్రాక్సిల్‌లతోను నిండి ఉంటుంది.

ఒక పొర ప్రారంభము నుండి తరువాతి పొర ప్రారంభమునకు గల దూరమును ఎక్స్-కిరణ వివర్తనము ద్వారా కొలుస్తారు. కయోలినైట్‌లో ఈ దూరము సుమారు 7.15 ఆంగ్‌స్ట్రామ్‌లు. నీరు గల హాలోయ్‌సైట్‌లో ఇది సుమారు 10 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఈ రెంటి మధ్య భేదము ఒక నీటి అణువు మందమునకు సరిపోతుంది. అనగా పొరల నడుమ ఒకే ఒక్క వరుస నీరు ఉన్నదని అర్థము.

గొట్టము ఏర్పడు విధానము

ఒకదానికొకటి అతికిన రెండు పలకల కొలతలు సమానముగా లేకపోవుట గొట్టము ఏర్పడుటకు మూలము. సిలికా పలకను విడిగా ఊహించినచో దాని అడ్డుకొలత సుమారు 9.15 ఆంగ్‌స్ట్రామ్‌లు. అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఖనిజమైన గిబ్‌సైట్‌లో దీనికి సరియైన కొలత సుమారు 8.68 ఆంగ్‌స్ట్రామ్‌లు. పెద్ద గుడ్డను చిన్న గుడ్డకు అంచులు కలిపి కుట్టినచో జంట వంగిపోయినట్లే, ఈ పొర కూడా పెద్ద పలక బయటికి, చిన్న పలక లోపలికి వచ్చునట్లు వంగవలసి ఉన్నది. అందుచేత హాలోయ్‌సైట్ గొట్టములో సిలికా పలక వెలుపలివైపున, అల్యూమినా పలక లోపలివైపున ఉంటాయి.

ఇదే తేడా కయోలినైట్‌లోనూ ఉన్నది. కాని అచట చతుర్ముఖులు కొద్దిగా అటునిటు తిరిగి సిలికా పలకను కుదించుకొంటాయి. పైగా ఒక పొరలోని హైడ్రాక్సిల్‌లు తరువాతి పొరలోని ఆక్సిజన్‌లతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకొని పొరలను చదునుగా బిగించి ఉంచుతాయి. హాలోయ్‌సైట్‌లో పొరల మధ్య నీరు చేరుటచే ఈ బిగింపు సడలిపోతుంది. అప్పుడు ప్రతి పొర తన సహజ వంపును పొందగలుగుతుంది.

గొట్టపు గోడలో సాధారణముగా పది నుండి ఇరవై వరకు లేదా అంతకు మించిన చుట్లు ఉంటాయి. వెలుపలి వ్యాసము ఎక్కువ నమూనాలలో 40 నుండి 70 నానోమీటర్లు, లోపలి బోలు వ్యాసము 10 నుండి 20 నానోమీటర్లు ఉంటుంది. పొడవు తరచుగా అర మైక్రోమీటరు నుండి ఒకటిన్నర మైక్రోమీటర్ల వరకు ఉన్నా, కొన్ని నిక్షేపాలలో ఇంతకంటె ఎంతో పొడవైన గొట్టాలు కూడా కలవు. అన్ని హాలోయ్‌సైట్‌లూ గొట్టాలు కావు. బంతి వలె గుండ్రనివి, రేకుల వంటివి కూడా ప్రకృతిలో ఉన్నాయి. అల్యూమినియం స్థానములో ఇనుము ఎక్కువగా చేరినచో పలకల కొలతలలోని తేడా తగ్గి, చుట్టుకొనే స్వభావము కూడా తగ్గుతుంది.

వేడి వలన కలుగు మార్పులు

మొదటి దశ: పొరల మధ్య నీరు పోవుట

పొరల మధ్య నీరు చాలా బలహీనముగా బంధింపబడి ఉన్నది. గాలిలో తేమ తగ్గినపుడు గది ఉష్ణోగ్రత వద్ద కూడా ఇది బయటికి పోనారంభిస్తుంది. 100 డిగ్రీల సెల్సియస్ సమీపించుసరికి చాలా భాగము పోతుంది. పొరల మధ్య చిక్కుకొన్న కొద్దిపాటి నీరు పూర్తిగా తొలగుటకు 200 నుండి 300 డిగ్రీల వరకు వేడి కావలసి రావచ్చును. పొరల మధ్య దూరము 10 ఆంగ్‌స్ట్రామ్‌ల నుండి 7.2–7.4 ఆంగ్‌స్ట్రామ్‌లకు తగ్గుతుంది. గోడలోని చుట్లు కుంచించుకొనుటచే వాటి మధ్య సన్నని చీలికలు ఏర్పడతాయి. గుండ్రని గొట్టము కొన్నిమార్లు పలకలు తేలిన స్తంభము వలె మారుతుంది.

ఈ మార్పు సాధారణ పరిస్థితులలో తిరిగి వెనుకకు జరగదు. పూర్తిగా ఆరిన హాలోయ్‌సైట్‌ను నీటిలో నానబెట్టినను పొరల మధ్యకు నీరు తిరిగి చేరదు. తడి రూపము ఒకసారి ఆరినచో ఆ నమూనాలో దాని సాక్ష్యము పోయినట్లే.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలకు కూడా ఇది వర్తిస్తుంది. ఆ పరికరము లోపల శూన్యము ఉండుటచే తడి ఖనిజము అక్కడే ఆరిపోతుంది. కావున తొలికాలపు చిత్రాలన్నియు ఆరిన గొట్టాలవే. నీటి ఆవిరిని నిలిపి ఉంచగల ప్రత్యేకమైన గదిని సూక్ష్మదర్శినికి అమర్చి, 1978లో జపాను పరిశోధకులు తడి రూపములోనే ఉన్న గొట్టాలను చూడగలిగారు.

రెండవ దశ: హైడ్రాక్సిల్‌లు పోవుట

సుమారు 400 నుండి 600 డిగ్రీల మధ్య పొరలలోని హైడ్రాక్సిల్ సమూహాలు జంటలుగా కలిసి నీటి ఆవిరిగా బయటికి పోతాయి. ప్రతి రెండు హైడ్రాక్సిల్‌ల స్థానములో ఒక ఆక్సిజన్ మిగులుతుంది. ఈ చర్యకు వేడి గ్రహింపబడుతుంది. ఆరిన ఖనిజపు బరువులో సుమారు 14 శాతము ఈ దశలో తగ్గుతుంది.

మొదటి దశలో నీరు పోయినను పొర చెక్కుచెదరలేదు. ఇక్కడ పొరయే చెదరిపోతుంది. ఆరు పొరుగు పరమాణువులు గల అల్యూమినియం నాలుగు, ఐదు, ఆరు పొరుగులు గల వివిధ స్థానాలకు మారుతుంది. ఎక్స్-కిరణ వివర్తనములో ఖనిజమును గుర్తించుటకు ఉపయోగపడిన శిఖరాలు మాయమై, క్రమము లేని పదార్థమును సూచించు వెడల్పైన ఉబ్బు మాత్రమే మిగులుతుంది. అయితే ఇదే పదార్థమును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూచినచో గొట్టాలు యథాతథముగా కనిపిస్తాయి. ఎక్స్-కిరణాల దృష్టిలో ఖనిజము నశించినది, సూక్ష్మదర్శిని దృష్టిలో నిలిచియున్నది. రెండును నిజమే. మొదటి పరికరము పరమాణువుల వరుసను, రెండవది వస్తువు ఆకారమును చూపుచున్నవి.

మూడవ దశ: సిలికా, అల్యూమినాలు వేరగుట

ఇంకను వేడి పెంచగా, గొట్టపు గోడలో సిలికా ఎక్కువగా గల భాగాలు, అల్యూమినా ఎక్కువగా గల భాగాలు క్రమముగా వేరవుతాయి. సుమారు 900 డిగ్రీల వరకు గొట్టాలు చాలావరకు నిలిచి ఉంటాయి. ఈ స్థితిలోని అల్యూమినా ఆమ్లములో సులభముగా కరుగుతుంది. కాల్చని హాలోయ్‌సైట్ ఆమ్లమునకు ఇంతగా లొంగదు. కాల్చిన పదార్థమును ఆమ్లములో ఉంచి అల్యూమినాను తొలగించినచో సన్నని రంధ్రాలు గల సిలికా మిగులుతుంది.

నాలుగవ దశ: క్రొత్త స్ఫటికాలు ఏర్పడుట

సుమారు 980 డిగ్రీల వద్ద హఠాత్తుగా వేడి వెలువడుతుంది. క్రమము లేని పదార్థము నుండి గామా అల్యూమినా వంటి నిర్మాణము గల అతి సూక్ష్మ స్ఫటికాలు ఏర్పడుటయే ఇందుకు కారణము. ఈ స్ఫటికాలలో సిలికాన్ కూడా కొంత ఉన్నదా, లేక అవి శుద్ధమైన అల్యూమినాయా అను విషయముపై కయోలినైట్, హాలోయ్‌సైట్ రెంటి పరిశోధకుల మధ్య చిరకాలము చర్చ జరిగినది. 900 డిగ్రీలు దాటిన తరువాత గొట్టాల బోలు భాగాలు మూసుకుపోవుట, గొట్టాలు ఒకదానితో ఒకటి అతుక్కొనుట మొదలవుతాయి.

మరింత వేడిలో ముల్లైట్ అను స్ఫటికము పెరుగుతుంది. ఇందులో మూడు వంతుల అల్యూమినాకు రెండు వంతుల సిలికా అణువులు ఉంటాయి. బరువులో చూచినచో అల్యూమినా సుమారు 72 శాతము. స్కాట్లాండులోని మల్ ద్వీపము పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చినది. హాలోయ్‌సైట్ పూర్తిగా మారినచో సుమారు 64 శాతము ముల్లైట్ ఏర్పడి, మిగిలిన 36 శాతము సిలికాగా వెలికి వస్తుంది. ఆ సిలికా క్రమముగా క్రిస్టోబలైట్ స్ఫటికముగా మారుతుంది. 1200 డిగ్రీల వద్ద గొట్టపు ఆకారము ఇక మిగలదు.

మార్పుల సంగ్రహము

* గది ఉష్ణోగ్రత నుండి 300 డిగ్రీల వరకు: పొరల మధ్య నీరు పోవును. పొరలు, గొట్టము నిలుచును.
* 400 నుండి 600 డిగ్రీలు: హైడ్రాక్సిల్‌లు పోవును. స్ఫటిక క్రమము నశించును. గొట్టము నిలుచును.
* 600 నుండి 900 డిగ్రీలు: సిలికా, అల్యూమినా భాగాలు వేరగును. గొట్టము చాలావరకు నిలుచును.
* 980 డిగ్రీల ప్రాంతము: గామా అల్యూమినా వంటి స్ఫటికాలు ఏర్పడును. గొట్టాలు అతుక్కొనుచుండును.
* 1200 డిగ్రీలు, ఆపైన: ముల్లైట్, తరువాత క్రిస్టోబలైట్. గొట్టము నశించును.

ఇమోగోలైట్‌తో పోలిక

ప్రకృతిలో గొట్టపు ఆకారము గల మరొక అల్యూమినోసిలికేట్ ఇమోగోలైట్. జపానులోని క్యూషూ ద్వీపములో అగ్నిపర్వతపు బూడిద నుండి ఏర్పడిన మట్టిలో దీనిని కనుగొన్నట్లు యోషినాగా, అవోమినె 1962లో ప్రకటించారు. దీని గొట్టము వెలుపలి వ్యాసము సుమారు 2 నానోమీటర్లు మాత్రమే. గోడలో ఒకే ఒక్క పొర ఉంటుంది. అల్యూమినియం పలక వెలుపల, సిలికా భాగము లోపల ఉండుటచే దీని అమరిక హాలోయ్‌సైట్‌కు తలక్రిందులు. ఇందులో సిలికా ఒకదానికొకటి కలిసిన పలకగా కాక విడివిడి సమూహాలుగా ఉండుట ఇందుకు కారణము.

వేడిని తట్టుకొనుటలో కూడా ఇవి భిన్నమైనవి. ఇమోగోలైట్ గొట్టాలు 400 డిగ్రీల లోపుననే హైడ్రాక్సిల్‌లను కోల్పోయి కూలిపోతాయి. అనేక చుట్ల మందమైన గోడ గల హాలోయ్‌సైట్ గొట్టము స్ఫటిక క్రమము పోయిన తరువాత కూడా నిలువగలుగుతుంది.

గుర్తించుట

ఆరిన హాలోయ్‌సైట్ పొరల దూరము కయోలినైట్ దూరమునకు ఇంచుమించు సమానము. కనుక ఆరిన మట్టిలో ఈ రెండు ఖనిజాలు కలిసియున్నచో ఎక్స్-కిరణ పరీక్షలో ఒకదానిని మరొకటిగా పొరబడే అవకాశము ఉన్నది. ఇందుకు ఫార్మమైడ్ అను ద్రవమును ఉపయోగిస్తారు. ఇది హాలోయ్‌సైట్ పొరల మధ్యకు గంట లోపల చొచ్చుకొనిపోయి దూరమును 10 ఆంగ్‌స్ట్రామ్‌లకు పైగా పెంచుతుంది. కయోలినైట్‌లో ఈ చర్య చాలా నెమ్మదిగా జరుగుతుంది. అయితే నమూనాను ముందే బాగా వేడి చేసి ఉన్నచో ఈ పరీక్షను నమ్మజాలము. తడి రూపమును గుర్తింపదలచినవారు క్షేత్రము నుండి తెచ్చిన మట్టిని ఆరనీయక తేమతోనే భద్రపరచవలెను.

నిర్మాణ పనులలో ప్రాముఖ్యము

మట్టిలోని తేమను కొలుచుటకు నమూనాను 105–110 డిగ్రీల వద్ద ఆరబెట్టి, తగ్గిన బరువును లెక్కించుట ఇంజనీర్ల సాధారణ పద్ధతి. తడి హాలోయ్‌సైట్ గల మట్టిలో ఈ వేడికి పొరల మధ్య నీరు కూడా పోతుంది. అది మట్టి రేణువుల మధ్య తేమ కాదు, ఖనిజములోని భాగము. పూర్తిగా తడి హాలోయ్‌సైట్‌తో నిండిన మట్టిని ఊహించినచో, రేణువుల మధ్య చుక్క నీరు లేకున్నను, ఈ పద్ధతిలో ఎండిన బరువుపై సుమారు 14 శాతము తేమ ఉన్నట్లు తప్పుగా తేలుతుంది. పైగా ఆరబెట్టిన మట్టి స్వభావము మారిపోవుటచే దానిపై చేయు ఇతర పరీక్షలు కూడా అసలు మట్టిని సూచింపవు. అందుచేత ఇటువంటి మట్టిని తక్కువ వేడి వద్ద కూడా ఆరబెట్టి రెండు ఫలితాలను పోల్చి చూడవలెను.

కెన్యా రాజధాని నైరోబీకి నీరందించుటకు నిర్మించిన ససుమువా ఆనకట్ట దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. దాని నిర్మాణమునకు వాడిన ఎర్రమట్టి పరీక్షలలో వింతగా ప్రవర్తించినది. అందులో బంక భాగము అధికముగా ఉన్నను, దిమ్మిస చేసినపుడు సాంద్రత తక్కువగా, బలము మాత్రము ఎక్కువగా తేలినది. మృత్తికా యాంత్రిక శాస్త్రమునకు ఆద్యుడైన కార్ల్ టెర్జాగి 1958లో ప్రచురించిన పత్రములో దీనికి కారణము వివరించాడు. ఆ మట్టిలో హాలోయ్‌సైట్ రేణువులు గట్టి గుత్తులుగా కూడి, నీటిని తమలో దాచుకొని ఉన్నవి. సాధారణ బంకమట్టి కొలమానాలతో చెడ్డదని తోచిన ఆ మట్టి ఆనకట్టకు తగినదే అయినది.

ఇందుకు భిన్నమైన సందర్భాలు కూడా కలవు. నీటిని అధికముగా పట్టియుంచు హాలోయ్‌సైట్ పొరలు వాలు ప్రదేశాలలో కొండచరియలు జారుటకు తోడ్పడగలవు. న్యూజిలాండులోని ఒమొకొరోవా వద్ద 1979లోను, జపానులోని హొక్కైడో ద్వీపములో 2018 సెప్టెంబరు భూకంపమప్పుడు అట్సుమా ప్రాంతములోను జారిన చరియలలో హాలోయ్‌సైట్ గల పొరలు గుర్తింపబడినవి.

లభ్యత

అగ్నిపర్వతపు బూడిద, అగ్నిపర్వత శిలలు తేమ గల వాతావరణములో శిథిలమైనపుడు హాలోయ్‌సైట్ విస్తారముగా ఏర్పడుతుంది. వేడినీటి ఊటలు శిలలను మార్చుట వలన కూడా ఏర్పడును. న్యూజిలాండు ఉత్తర భాగములోని మటౌరి బే, అమెరికాలోని యూటా రాష్ట్రములో యూరేకా సమీపాన గల డ్రాగన్ గని ప్రసిద్ధమైన నిక్షేపాలు. టర్కీ, పోలండ్, చైనా, జపాను దేశాలలో కూడా ఇది లభిస్తుంది.

ఉపయోగములు

ఇనుము, టైటానియం తక్కువగా ఉండుటచే మటౌరి బే ఖనిజము కాల్చిన తరువాత తెల్లగా ఉంటుంది. మేలురకపు పింగాణి పాత్రల తయారీలో దీనిని వాడారు. బట్టీలో హాలోయ్‌సైట్ నుండి పెరుగు ముల్లైట్ పింగాణికి గట్టిదనము నిచ్చును. 20వ శతాబ్ది మధ్యకాలములో డ్రాగన్ గని ఖనిజము పెట్రోలియం శుద్ధి కర్మాగారాలలో ఉత్ప్రేరకముల తయారీకి ఉపయోగపడినది.

1990వ దశకము నుండి గొట్టపు లోపలి బోలు భాగము పరిశోధకుల దృష్టిని ఆకర్షించినది. ఔషధాలు, తుప్పు నిరోధకాలు, సుగంధ ద్రవ్యాలు మొదలగువాటిని అందులో నింపి నెమ్మదిగా విడుదలయ్యేటట్లు చేయవచ్చును. ప్లాస్టిక్కులకు బలము చేకూర్చుటకు, మంటలను తట్టుకొను శక్తిని పెంచుటకు కూడా కలుపుతారు. ఈ ఖనిజము శరీరములో కరగదు కనుక రక్తములోనికి ఎక్కించు ఔషధాలకు అనుకూలమైనది కాదు.

ఈ ఉపయోగాలలో కూడా వేడి చరిత్ర ముఖ్యము. గొట్టపు లోపలి గోడపై గల హైడ్రాక్సిల్ సమూహాలే ఇతర రసాయనాలను అతికించుటకు ఆధారము. శుభ్రపరచుటకై గొట్టాలను 500 డిగ్రీలకు పైన కాల్చినచో సూక్ష్మదర్శినిలో అవి మారినట్లు కనిపించకపోయినను ఆ ఆధారము తగ్గిపోతుంది. మరొకవైపు, ఆమ్లముతో అల్యూమినాను తొలగించి రంధ్రాలు గల పదార్థమును తయారు చేయదలచినవారికి అదే కాల్పు అవసరము అవుతుంది.

ఇవి కూడా చూడండి

* కయోలినైట్
* ఇమోగోలైట్
* ముల్లైట్
* పింగాణి
* బాక్సైట్